మీ ప్రశ్నలు – మా జవాబులు: కుందా మీద గీత, పగులా చారా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పాత వేట రైఫిళ్ల గురించే. వానలు వెనకబట్టాక పెట్టెల్లోంచి తుపాకులు తీసి తుడిచే రోజులు కదా, అందుకే కాబోలు. అందరూ అడిగింది ఒకటే: కర్ర పగిలింది, ఏం చెయ్యాలి? ఎక్కడ పగిలిందో, గీత ఎటు పోతోందో రాసినవారు మాత్రం కొద్దిమందే. ఆ రెండూ తెలియకుండా మందు చెప్పడం నాడి చూడకుండా చీటీ రాసినట్టే. అందుకని వివరంగా రాసిన ఉత్తరాలనే తీసుకున్నాం.

ఒకరు బట్ అంటారు, ఒకరు కుందా అంటారు, ఒకరు ఉత్తినే కర్ర అంటారు. ఇక్కడ చెక్క భాగం మొత్తాన్ని కుందా అనీ, భుజానికి ఆనే వెనక భాగాన్ని మడమ అనీ, చెయ్యి పట్టే సన్నటి చోటును మెడ అనీ, గొట్టం కింద ముందుకు సాగే భాగాన్ని ఫోర్‌ఎండ్ అనీ అందాం. ఇంకో మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక 'వేట రైఫిల్' అన్నది తయారీ రకానికి పేరుగానే మిగిలింది. ఇక్కడి జవాబులన్నీ లైసెన్సు ఉన్న తుపాకుల గురించే.

ప్రశ్న: తాతగారి మాసర్ రకం రైఫిల్ లైసెన్సుతో పాటు నా పేరు మీదికి వచ్చింది. బోల్టు వెనకాల ఇనుము ముగిసే చోటు నుంచి మెడ మీదికి రెండంగుళాల నల్ల గీత ఉంది. మా వడ్లాయన చూసి "అది కర్ర చారే, ఏం కాదు" అన్నాడు. ఎట్లా తేల్చుకోవాలె?
– ఒక పాఠకుడు, కిన్వట్, నాందేడ్ జిల్లా

జవాబు: చూడకముందే ఖాళీ చేయండి. మ్యాగజైన్‌లో ఉన్నవన్నీ తీసి, బోల్టు (తూటాను లోపలికి నెట్టి మూసే ఇనుప కడ్డీ) తెరిచి, ఛాంబర్‌ను (తూటా కూర్చునే చోటును) కంటితో ఒకసారి, చిటికెన వేలితో తడిమి ఒకసారి చూడండి. బోల్టును పూర్తిగా బయటికి లాగి పక్కన పెట్టండి. మీరు పనిచేసే గదిలోనే తూటాలు ఉండకూడదు.

మీరు చెప్పిన చోట ఉండే సన్నటి ఇనుప తోకను టాంగ్ అంటారు. అక్కడ మొదలై కర్ర నార వెంట తిన్నగా వెనక్కి పోయే గీత అయితే ముందు పగులనే అనుమానించాలి. చార అయితే ఇనుము దగ్గర మొదలవ్వాల్సిన పని లేదు, ఇనుము కిందికీ ముందుకీ కూడా సాగి కనిపించాలి. సరిగ్గా ఇనుము కొస దగ్గరే పుట్టిందంటే ఆ ఇనుమే పుట్టించిందని అర్థం.

తేల్చుకోవడానికి మొదటి పరీక్ష వెలుతురు. గది చీకటి చేసి, టార్చిని కర్ర మీద పడుకోబెట్టినట్టు ఏటవాలుగా పట్టండి. పగులుకు ఒక అంచు నీడ వేస్తుంది. చారకు నీడ ఉండదు. కంసాలులు కంటికి పెట్టుకునే పదింతల భూతద్దం దొరికితే ఇంకా మంచిది. రెండోది స్పిరిట్. దూదిని డీనేచర్డ్ స్పిరిట్‌లో ముంచి గీత మీదుగా ఒక్క తుడుపు తుడవండి. చుట్టుపక్కల కర్ర అరనిమిషంలో ఆరిపోతుంది. పగులు ఉంటే లోపలికి పోయిన స్పిరిట్ ఆరక, సన్నటి తడిగీత ఇంకా నల్లగా కనిపిస్తూనే ఉంటుంది. అయితే లక్క పాలిష్ పెట్టిన పాత కుందాల మీద స్పిరిట్ పోస్తే పాలిష్ కరిగి తెల్లమచ్చ పడుతుంది. ముందుగా బట్ ప్లేట్ (మడమ చివర బిగించే పలక) కింద కనపడని చోట ఒక చుక్క వేసి చూడండి. అక్కడ జిగురుగా అంటితే స్పిరిట్ మానేసి, సిగరెట్ లైటర్లలో పోసే పెట్రోల్ వాడండి.

మూడోది వంపు పరీక్ష. ఆ గీత తడిగా ఉండగానే మడమను తొడ మీద ఆనించి, ఫోర్‌ఎండ్‌ను పట్టుకుని కొంచెం మెలితిప్పినట్టు ఒత్తండి. బలం చూపించే చోటు కాదిది, తడిబట్ట పిండేంత ఒత్తిడి కూడా వద్దు. గీత వెంట తడి పైకి ఉబికి మళ్లీ లోపలికి పోతే అది పగులే, అదీ లోతైనదే. ఏమీ కదలకుండా, నీడా లేకుండా, గోరుకు తగలకుండా ఉంటే మీ వడ్లాయన మాటే నిజం. పాలిష్ పొర ఒక్కటే బీటలు వారినా కంటికి ఇలాగే ఉంటుంది కానీ, అది గీతలు గీతలుగా వలలా విచ్చుతుంది. నార వెంట ఒంటరిగా పోదు.

పగులని తేలాక ఇనుమును కర్ర నుంచి వేరు చేయాల్సిందే. బయట రెండంగుళాలు కనిపిస్తే లోపల మూడు ఉండటం మామూలు. స్క్రూ గాడికి అచ్చంగా సరిపోయే స్క్రూడ్రైవర్ వాడండి, లేకపోతే గాడి చెడి సగం పని అక్కడే ఆగుతుంది. రిసీవర్‌ను (బోల్టు కూర్చునే ఇనుప భాగాన్ని) నిటారుగా పైకి ఎత్తాలి. గొట్టం పట్టుకుని ముందువైపు మాత్రమే లేపితే టాంగ్ వెనక్కి తన్ని పగులును ఇంకో అర అంగుళం పెంచుతుంది.

ఇప్పుడు టాంగ్ కూర్చునే గాడి వెనక గోడ చూడండి. అక్కడ కర్ర నునుపుగా, మెరుస్తూ, అణిగినట్టుందా? అయితే దొంగ దొరికాడు. కాల్చినప్పుడు ఇనుమంతా వెనక్కి తన్నుతుంది. ఆ తాపును కాయాల్సింది ముందువైపు గొట్టం కింద ఉండే రికాయిల్ లగ్ అనే ఇనుప దిమ్మ, దాని వెనక ఉండే కర్ర గోడ. ఆ గోడ అరిగినా, స్క్రూలు వదులైనా దెబ్బంతా టాంగ్ కొస మీద పడుతుంది. సన్నటి కొస, నారకు ఎదురుగా. కట్టెలు చీల్చే మేకులాగే పనిచేస్తుంది.

రికాయిల్ లగ్ సరిగా ఆనుతోందా లేదా చూడటానికి ఇంట్లో ఉండే కాటుక చాలు. లగ్ వెనక ముఖానికి పల్చగా కాటుక పూసి, రిసీవర్‌ను నిటారుగా దించి, స్క్రూలు బిగించి, మళ్లీ ఎత్తండి. కర్ర గోడ మీద నలుపు పూర్తి వెడల్పునా అంటాలి. ఒక మూల మాత్రమే అంటితే రైఫిల్ ప్రతి గుండుకూ ఒక పక్కకు మెలితిరుగుతోందని అర్థం. టాంగ్ వెనక మాత్రం నలుపు అసలు అంటకూడదు. అక్కడ 0.5 నుంచి 0.8 మిల్లీమీటర్ల సందు ఉండాలి. విజిటింగ్ కార్డులు రెండు పట్టాలి. సందు లేకపోతే ఉలితో చెక్కడం కన్నా, చిన్న చెక్కముక్కకు 120 నంబరు గరుకు కాగితం చుట్టి రాయడం మేలు. మొదట సందు చేసి, లగ్ వెనక గోడను ఎపాక్సీతో (రెండు పాళ్లు కలిపి వాడే గట్టి జిగురుతో) నింపి సరిచేసి, ఆ తర్వాతే పగులు అతికించాలి. వరస తిరగేస్తే పది గుండ్లకు అతుకు విడుతుంది, అప్పుడు తప్పు జిగురుది అంటారు.

ప్రశ్న: రిసీవర్ వెనక కర్ర నల్లబడి, గోరు నొక్కితే దిగుతోంది. పగులు సన్నగానే ఉంది. నూనె బాగానే పెడుతున్నాను.
– ఒక పాఠకుడు, బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా

జవాబు: నూనె బాగా పెట్టడమే ఇక్కడ జబ్బు. గొట్టం పైకి ఉండేలా మూలన నిలబెడితే గొట్టంలోనూ బోల్టులోనూ పోసిన నూనె ఏళ్ల తరబడి కిందికి దిగి, రిసీవర్ వెనక కర్ర అడ్డుకోతలోకి (నారల కొసలు బయటపడే ముఖంలోకి) ఇంకుతుంది. నూనె తాగిన కర్ర మెత్తబడి అణుగుతుంది, స్క్రూలు వదులవుతాయి, తర్వాత కథ పైన చెప్పిందే. నూనె ఉన్నంతవరకు ఏ జిగురూ పట్టదు.

సుద్ద పొడిని అసిటోన్‌తో గట్టి పెరుగులా కలిపి, నల్లబడ్డ చోట 3 మిల్లీమీటర్ల మందాన పట్టించండి. అసిటోన్ ఆవిరవుతూ నూనెను తనతో పైకి లాక్కొస్తుంది, సుద్ద దాన్ని పీల్చుకుని పసుపు రంగుకు తిరుగుతుంది. ఆరాక రాల్చి మళ్లీ వేయండి. సుద్ద తెల్లగానే మిగిలే దాకా చేయాలి, నాలుగైదు పట్లు మామూలే. ఇదంతా ఆరుబయట, పొయ్యికీ బీడీకీ దూరంగా. అసిటోన్ ఆవిరి నేల మీద పాకుతూ పోయి దూరంలో ఉన్న మంటను అందుకుంటుంది. ఆ తర్వాత కూడా గోరు దిగుతుంటే ఆ కర్ర చచ్చినట్టే. మెత్తటి భాగం చెక్కేసి కొత్త ముక్క అతకాలి. ఇకపైన గొట్టం మూతి కిందికి ఉండేలా, కింద ఒక బట్టముక్క వేసి నిలబెట్టండి.

ప్రశ్న: మడమ చివర, బట్ ప్లేట్ దగ్గర మూడు పగుళ్లున్నాయి. వేసవిలో తెరుచుకుంటాయి, వానాకాలంలో మూసుకుపోతాయి. మైనం కూరమంటారు ఇక్కడివాళ్లు. కూరమంటారా?
– ఒక పాఠకుడు, జైపూర్, కొరాపుట్ జిల్లా

జవాబు: వద్దు. వేసవిలో తెరుచుకున్న సందులో ఏది కూరినా, వానలకు కర్ర ఉబ్బినప్పుడు అది మేకులా పనిచేసి పగులును ఇంకా లోపలికి నడుపుతుంది.

కర్ర గాలిలోని తేమను బట్టి నీళ్లు తాగుతుంది, వదులుతుంది. మీ కొండల్లో వానాకాలంలో గాలి తేమ 85 శాతం దాటి రోజుల తరబడి ఉన్నప్పుడు కర్ర బరువులో దాదాపు 17 శాతం నీరే. ఎండల్లో 40 డిగ్రీల వేడి, 25 శాతం తేమ ఉన్న చోట అదే కర్ర 5 శాతం దగ్గరికి దిగుతుంది. నిడివిలో కర్ర కదలిక లెక్కలోకి రాదు, అడ్డంగానే కుంచించుకుపోతుంది. 40 మిల్లీమీటర్ల వెడల్పున్న వాల్‌నట్ ముక్క 15 శాతం నుంచి 8 శాతానికి ఆరితే ముప్పావు మిల్లీమీటరు దాకా తగ్గుతుంది. టేకు అయితే అర మిల్లీమీటరు. మడమ చివర అడ్డుకోత బయటికి తెరిచి ఉంటుంది కనుక అక్కడ నీరు ముందే పోతుంది. లోపల ఇంకా ఉబ్బే ఉంటుంది. ఆ లాగుడుకు చివర్లు బీటలు వారతాయి.

వీటితో తుపాకీకి ప్రమాదం తక్కువ. మెడ వైపు రెండంగుళాలు దాటి రానంతవరకు భయం లేదు. పాలిష్ వేసేవాళ్లు బయట నాలుగు పూతలు వేసి బట్ ప్లేట్ కింద ఒక్కటీ వెయ్యరు, అదే చిక్కు. కర్ర మధ్యస్థంగా ఉండే నవంబరు, డిసెంబరు నెలల్లో ప్లేట్ విప్పి, పగుళ్లలోకి పల్చటి ఎపాక్సీ పోసి, అడ్డుకోతకు అవిసె నూనె వార్నిష్ మూడు పూతలు పట్టించండి. మొదటి పూత తాగేసినట్టు పోతుంది, కంగారు పడొద్దు. స్క్రూ రంధ్రాల్లో కూడా అగ్గిపుల్లతో రాయండి. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూలన పడేయకండి. ఆ నూనె ఆరుతూ తనంతట తానే వేడెక్కి గుడ్డ అంటుకుంటుంది. పరిచి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచండి.

ప్రశ్న: .315 రైఫిల్ మడమ ఊగుతోందని వెనక నుంచి పొడుగాటి స్క్రూడ్రైవర్ పెట్టి బోల్టు బిగించాను. టప్పుమని శబ్దం వచ్చింది. చూస్తే ముందుభాగం కర్ర చీలింది. బిగించింది వెనక, చీలింది ముందు. ఇదెలా?
– ఒక పాఠకుడు, రాజురా, చంద్రపూర్ జిల్లా

జవాబు: మీ .315 లాంటి లీ ఎన్‌ఫీల్డ్ వరస తుపాకుల్లో కుందా రెండు ముక్కలుగా ఉంటుంది. మడమను పొడుగాటి బోల్టు ఒకటి రిసీవర్ వెనకనున్న సాకెట్‌లోకి లాగి పట్టి ఉంచుతుంది. పాత నంబర్ 1 మార్క్ 3 పద్ధతిలో ఆ బోల్టు కొస చదరంగా ఉండి, సాకెట్ దాటి ముందుకు వచ్చి, ఫోర్‌ఎండ్ వెనక చివర్లో ఉన్న చిన్న పలక గాడిలో కూర్చుంటుంది. బోల్టు తనంతట తాను విడిపోకుండా ఆ ఏర్పాటు. ఫోర్‌ఎండ్ తీయకుండా బోల్టును తిప్పితే చదరపు కొస గాడిని తన్ని, కర్రను రెండుగా చీల్చుతుంది. ఆ టప్పుమన్న శబ్దం అదే.

అందుకే ఈ వరసలో మడమ బోల్టు ముట్టుకునే ముందు ఫోర్‌ఎండ్ విప్పాలి. మళ్లీ బిగించేటప్పుడు చదరపు కొస పక్కలు నిలువుగా నిలిచి, గాడిలో పట్టేలా చూసి ఆపాలి. ఊగడం తగ్గలేదని ఇంకొంచెం తిప్పి కొసను గాడికి ఓరగా వదిలేసి ఫోర్‌ఎండ్ ఎక్కించినా అదే చీలిక.

మీది ఏ ఏర్పాటో ఫోర్‌ఎండ్ తీశాకే తెలుస్తుంది. తీసినప్పుడు ఇంకో చోటు కూడా చూడండి. ఫోర్‌ఎండ్ వెనక చివర, ట్రిగ్గర్‌కు రెండు పక్కలా, రిసీవర్ ఆనే రెండు చిన్న కర్ర భుజాలు ఉంటాయి. ఈ వరసలో తాపును కాసేవి అవే. అవి అణిగితే ఫోర్‌ఎండ్ ముందు వెనకలకు జరుగుతూ మధ్యలో చీలుతుంది. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన వాటిలో చాలావాటికి ఫోర్‌ఎండ్‌కు అడ్డంగా ఒక స్క్రూ దూరి ఉండటం చూసే ఉంటారు. అది అందం కోసం పెట్టింది కాదు, ఈ చీలికకు విరుగుడుగా పెట్టిందే. మీ దానికి ఆ స్క్రూ లేకపోతే అతికించిన తర్వాత వేయించుకోండి. ఉంటే వదులైందేమో చూడండి.

శుభ్రంగా చీలిన ఫోర్‌ఎండ్‌ను అతికించడం కష్టం కాదు. భుజాలు అణిగితే మాత్రం జిగురు చాలదు. అణిగిన భాగం నలుచదరంగా చెక్కేసి, గట్టి కర్ర ముక్కను, నార ముందు నుంచి వెనక్కి ఉండేలా అతికించి, కాటుకతో సరిచూస్తూ రాయాలి. రెండు భుజాలూ ఒకేసారి ఆనాలి. ఒకటే ఆనితే మళ్లీ మెలికే.

ప్రశ్న: బండి మీంచి పడి రైఫిల్ మెడ దగ్గర ఏటవాలుగా పగిలింది. ఊడిపోలేదు. తెలిసినాయన ఫెవిక్విక్ పోశాడు. గట్టిగానే ఉంది. వాడొచ్చునా? లోపల ఇత్తడి కడ్డీ వేస్తే మంచిదంటారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, గుణుపూర్, రాయగడ జిల్లా

జవాబు: వాడకండి. టాంగ్ పగులు, మడమ బీట కొంతకాలం ఆగుతాయి గానీ మెడ పగులు ఆగదు. కాల్చినప్పుడు విరిగితే వాడి కర్రమొనలు పట్టుకున్న చేతిలోకి దిగుతాయి, గొట్టం ఎటు తిరుగుతుందో చెప్పలేం. పడిన తుపాకీ కనుక గొట్టం మూతిలో మట్టి, దూరదర్శిని ఉంటే దాని బిగింపు కూడా చూడండి.

మెడ పగుళ్లలో రెండు జాతులున్నాయి. నార వెంట పోయే పగులు అతుకుతుంది. నారను కోస్తూ అడ్డంగా పోయేది అతికినా బలహీనమే, ఎందుకంటే అక్కడ కర్రను పట్టి ఉంచే పొడుగు నారలే తెగిపోయాయి. మెడ పక్కనుంచి చూసి నార గీతలు ఎటు పోతున్నాయో పెన్సిలుతో రెండు మూడు చోట్ల గుర్తించండి. అవి మెడ వెంట సాగకుండా మెడ కింద బయటికి వచ్చేస్తుంటే, పదంగుళాల పొడుగున ఒక అంగుళానికి మించి వాలి ఉంటే, ఆ కుందా చెక్కినప్పుడే ఈ పగులు రాసిపెట్టి ఉంది. అలాంటిదానికి కడ్డీ తప్పదు.

ఫెవిక్విక్ తగిలిన పగులు ముఖాలకు ఎపాక్సీ పట్టదు. ఫెవిక్విక్ గాజులా గట్టిపడుతుంది, తాపుకు పెళుసుగా విరుగుతుంది. అసిటోన్ దూదితో పదే పదే అద్దుతూ మెత్తబరిచి, సూదితో గీకి తీయాలి. ఓపిక పనే, ఒక సాయంత్రం పడుతుంది. ఫెవికాల్ రకం తెల్లజిగురు కూడా ఇక్కడికి పనికిరాదు. వేడికీ నిరంతర ఒత్తిడికీ అది మెల్లగా జారుతుంది.

కావలసింది నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ. అరాల్డైట్ స్టాండర్డ్ లాంటిది, అయిదు నిమిషాల రకం కాదు. అది లోపలికి దిగేలోపే బిగుస్తుంది. రెండు ట్యూబుల నుంచి సమాన కొలతలో తీసి రెండు నిమిషాలు కలపండి. నాలుగంగుళాల పగులుకు మొత్తం 4 మిల్లీలీటర్లు చాలు. హెయిర్ డ్రయ్యర్‌తో కర్రను చెయ్యి పెట్టి ఓర్చుకోగలిగినంత వెచ్చబెట్టండి. వెచ్చటి కర్ర మీద ఎపాక్సీ నూనెలా పల్చబడి, చల్లారుతున్న కర్ర దాన్ని లోపలికి పీల్చుకుంటుంది. పగులును పళ్లపుల్లతో వెంట్రుకవాసి తెరిచి, సూది తీసేసిన సిరంజితో ఒక వైపు నుంచే నింపండి, గాలి రెండో వైపు నుంచి పోవాలి. రెండో వైపు జిగురు చెమర్చిందంటే నిండినట్టు.

బిగించడానికి సైకిల్ ట్యూబ్‌ను అంగుళం వెడల్పు పట్టీలుగా కోసి, సాగదీస్తూ చుట్టండి. మెడ గుండ్రంగా ఉంటుంది కనుక ఇనుప క్లాంప్ కన్నా ఇదే సమంగా నొక్కుతుంది. చుట్టే ముందు బయటికి వచ్చిన జిగురును వెనిగర్ తడిపిన గుడ్డతో తుడవండి. లోపల ఇనుము తగిలే చోట్ల మైనం పాలిష్ పూయడం మరిస్తే తుపాకీయే అతుక్కుంటుంది. 24 గంటలు కదపొద్దు. మీ కొండ ఊళ్లలో చలికాలం రాత్రులు అయితే మూడు రోజులు ఉంచండి.

కడ్డీ సంగతి. మీరు విన్నది నిజమే, కానీ కడ్డీ పగులు వెంట పోతే లాభం సున్నా. పగులును వీలైనంత నిటారుగా కోస్తూ పోవాలి. 5 మిల్లీమీటర్ల మర ఉన్న ఇత్తడి కడ్డీ, 40 నుంచి 50 మిల్లీమీటర్ల పొడుగు, 5.5 మిల్లీమీటర్ల రంధ్రం. ట్రిగ్గర్ గాడి లోపలి నుంచి మెడలోకి ఏటవాలుగా వేస్తే బయట మచ్చ పడదు. కడ్డీని గరుకు కాగితంతో రుద్ది అసిటోన్‌తో తుడిచి, ఒక పక్కన ఆకురాయితో సన్నటి గాడి కొట్టండి. గాడి లేకపోతే రంధ్రం అడుగున చిక్కిన గాలి కడ్డీని పైకి నెడుతుంది, లేదా ఒత్తిడికి కొత్త పగులు తెస్తుంది. కడ్డీ పెట్టాల్సింది పగులు అతికి గట్టిపడ్డాక, మరునాడు. రెండూ ఒకేసారి చేస్తే రంధ్రం వేస్తున్నప్పుడే ముక్కలు జరుగుతాయి.

ప్రశ్న: ఫోర్‌ఎండ్ కొసన ఉన్న నల్ల కొమ్ము టోపీ విచ్చి, కర్రకు దానికి మధ్య సందు పడింది. చిన్న చిన్న గుంటలు కూడా ఉన్నాయి.
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: గుంటలు పురుగు తిన్నవి. కొమ్మును కొన్ని పురుగులు ఉన్నిని తిన్నట్టే తింటాయి. సందు మాత్రం కర్ర, కొమ్ము వేర్వేరుగా ఆరడం వల్ల. తుపాకీ బలానికి దీనితో సంబంధం లేదు. మీ ఊళ్లోనే కొమ్ము బొమ్మలు చేసేవారున్నారు, ఆ చేతిపని అక్కడ పేరున్నదే. టోపీని మాత్రం విప్పి పట్టుకెళ్తే గేదె కొమ్ముతో కొత్తది తీసివ్వడం వారికి కష్టం కాదు. గొట్టం గాడి వైపు కొలత మాత్రం మీరే రాసివ్వండి. టోపీ గొట్టానికి తగలకూడదు, మందపాటి కాగితం దూరే సందు ఉండాలి.

ప్రశ్న: కుందా అతికించే స్థితి దాటింది. మా దగ్గర మంచి పాత టేకు దూలం ఉంది. దానితో కొత్తది చేయించొచ్చా?
– ఒక పాఠకుడు, సిరోంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: అల్లాపల్లి, సిరోంచ టేకుకు వంక పెట్టే ధైర్యం ఎవరికీ లేదు, తలుపుకూ దూలానికీ దాన్ని మించింది లేదు. రైఫిల్ కుందాకు మాత్రం అది రెండో ఎంపికే. టేకు తేమకు తక్కువ కదులుతుంది, అది దాని గుణం. కానీ నార వెంట సులువుగా చీలుతుంది. స్వతహాగా నూనె ఉన్న కర్ర కనుక జిగురు పట్టించాలంటే అతికించడానికి ముందు పదిహేను నిమిషాల్లోపే అసిటోన్‌తో తుడవాలి. లేకపోతే నూనె మళ్లీ పైకి చేరుతుంది. కుందాలకు వాల్‌నట్ వాడటానికి కారణం ధర కాదు, దాని నార సులువుగా చీలకుండా తాపును ఓర్చుకుంటుంది, సన్నగా చెక్కినా అంచు రాలదు. జిట్టేగి (రోజ్‌వుడ్) బలమైనదే కానీ బరువు ఎక్కువ.

టేకుతోనే చేయించాలనుకుంటే దూలం నడిబొడ్డు వదిలేసి, పక్క నుంచి తీసిన చేవ ముక్క ఎంచండి. లేత రంగు తెల్లచెక్క అసలు ఉండకూడదు, పుచ్చు పట్టేది దానికే. మెడ దగ్గర నార తిన్నగా సాగాలి. పాత దూలంలో విరిగిన మేకులు ఉంటాయి, రంపం పెట్టేముందు అయస్కాంతంతో తడిమి చూడండి.

ఒక జాగ్రత్త. 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం తుపాకీ మరమ్మతుకు కూడా లైసెన్సు కావాలి. కాబట్టి తుపాకీని ఊరి వడ్రంగి కొట్టులో వదిలి రావద్దు. లైసెన్సు ఉన్న ఆయుధ మరమ్మతుదారు దగ్గర రాతపూర్వకంగా అప్పగించి, రసీదు తీసుకుని చేయించండి. కర్ర మీరు ఇవ్వొచ్చు. పైన మేం చెప్పిన అతుకు పనులకూ ఇదే వర్తిస్తుంది. ఏం అడగాలో, ఏం చేశారో లేదో చూసుకోవడానికి ఈ వివరాలు. .315 అయితే ఇషాపూర్ ఫ్యాక్టరీ కుందా డీలరు ద్వారా దొరుకుతుందేమో ముందు అడగండి, మీ దూలం మిగులుతుంది.

ప్రశ్న: లైసెన్సు లేని నాటు తుపాకీ కర్ర గురించి అడగొచ్చా?
– పేరు వద్దన్న పాఠకుడు, మల్కన్‌గిరి జిల్లా

జవాబు: అడగొద్దు. ఠాణాలో అప్పగించండి.

ప్రశ్న: అతికించిన తర్వాత ఎప్పుడు నమ్మొచ్చు?
– ఒక పాఠకుడు, కాశీపూర్, రాయగడ జిల్లా

జవాబు: పగులు రెండు కొసల దగ్గర సన్నటి పెన్సిలుతో అడ్డుగీత గీసి తేదీ వేయండి. స్క్రూలు ముందుది గట్టిగా, వెనకది దానికన్నా కొంచెం తక్కువగా బిగించండి. కర్ర మీదే కూర్చునే ఇనుముకు 4 న్యూటన్ మీటర్లు చాలు, అంటే పొట్టి పిడి స్క్రూడ్రైవర్‌తో చెయ్యి ఆగే దాకా. తర్వాత బొటనవేలిని ఫోర్‌ఎండ్ కొసకూ గొట్టానికీ మధ్య ఆనించి, ముందు స్క్రూను మెల్లగా వదులు చేయండి. వేలికి కదలిక తెలిస్తే గొట్టం వంగి బిగిసి ఉందన్నమాట, ఇనుము కూర్చునే కర్ర అడుగును సరిచేయాలి. తెలియకపోతే మళ్లీ బిగించండి. అనుమతి ఉన్న రేంజిలో అయిదు గుండ్లు కాల్చి, స్పిరిట్ తుడుపు, వంపు పరీక్ష మళ్లీ చేయండి. స్క్రూలు వదులయ్యాయేమో చూసి, ఇంకో అయిదు. పెన్సిలు గీత దాటి తడి కనిపించకపోతే పెట్టెలో పెట్టొచ్చు. మే నెల చివర్లో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి అదే గీతలు మళ్లీ చూడండి.